సమస్య: కారు పంపె యిల్లు గాచె నపుడు

నిర్వాహకుడు: చలి ముదరకముందే ఇల్లు సర్దుకుంటుంటే నాలుక మీదికి వచ్చిన పాదం. ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి. మెలిక ఎక్కడుందో చెప్పను. కానివ్వండి.

గణగర్జన:
మంచు కురియు రాత్రి మఱచిపోక పడతి
చుక్క చుక్క వదలె సుంత తెరచి
గొట్టమందు నీరు కూడి గడ్డవకుండ
కారు పంపె యిల్లు గాచె నపుడు

విరుపుమావ: బాగుంది గురువుగారూ, మీ పడతి మళ్లీ వచ్చింది. మూడు లఘువులు తక్కువైన చోటల్లా ఆవిడే దిక్కు. ఇక నాది:
వెలుగు పోయె నింట, వృద్ధులు వణకంగ
మనుమ డొకడు నీటి మరను గట్టి
గొట్టమందు నీటి గుక్క మిగులనీక
కారు పంపె, యిల్లు గాచె నపుడు

తాతాబామ్మలకు కారు పంపాడు, గొట్టాలు ఖాళీ చేసి ఇల్లూ కాచాడు. కారే పంపు కాదు, పంపిన కారు!

నిర్వాహకుడు: ఆహా! ఈ విరుపు నేను కలలో కూడా అనుకోలేదు.

గణగర్జన: అనుకోకపోవడమే మంచిది. 'పంపెను' ద్రుతాంతం, అంటే చివర 'ను' ఉన్న మాట. అచ్చు పరమైతే 'పంపె నిల్లు' కావాలి. పక్కనే 'గాచె నపుడు' కనబడుతూనే ఉంది కదా. నా 'పంపె' అవధారణ, అంటే 'పంపే' అని నొక్కి చెప్పడం, కాబట్టి యడాగమం (మధ్యలో 'య' చేరడం) చెల్లింది. పైగా 'గొట్టమందు నీ' వరకు నా పాదమే ఎత్తారు.

విరుపుమావ: గొట్టం మీద మీకు పేటెంటు ఉందా? సరే, ద్రుతం తప్పు ఒప్పుకుంటాను. మరి మీ భావం సంగతి? సన్నగా కారినంత మాత్రాన నీరు గడ్డకట్టదని ఎవరన్నారు? గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. మంచు బిరడాకీ మూసిన పంపుకీ మధ్య ఇరుక్కున్న నీటి ఒత్తిడికే చాలాసార్లు గొట్టం పగిలేది. పంపు కారితే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. ఇల్లు నిలిచింది అందుకు, 'గడ్డవకుండ' కాదు. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు అసలు నీరే లేకుండా చేసిన నా మనుమడు మీ పడతి కంటే తెలివైనవాడు.

కొత్తచిగురు: తప్పులుంటే మన్నించండి.
తలుపు సందు మూసె తగినంత దూదితో
కిటికి నెఱ్ఱె లన్ని కేల నదిమె
పైపులకును తొడుగు వేయలేదు గనుక
కారు పంపె యిల్లు గాచె నపుడు

గణగర్జన: అమ్మాయీ, 'గనుక' దగ్గర సమస్య దానంతటదే విడిపోయింది, శభాష్. కానీ పై–వే యతి (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ పొత్తు) కుదరదు. ఐత్వానికి అ, ఆ, ఔలతోనే చెలిమి, ఏత్వంతో కాదు. 'వాడలేదు గనుక' అను, సరిపోతుంది. మొదటి పాదంలో 'మూసెఁ దగినంత'.

కొత్తచిగురు: మార్చుకున్నాను గురువుగారూ. ఐ అంటే ఏకి దగ్గరేమో అనుకున్నా.

విరుపుమావ: సందులు మూసే మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. పోయినసారి కుంపటి పద్యం గుర్తుందా? గురువుగారు కిటికీలన్నీ బిగించి, గదిలో బొగ్గుల కుంపటి రాజేసి, 'హాయిగ నిదురించె' అన్నారు. కుంపటి వదిలే విషవాయువు కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. ఆ గదిలో తెల్లారి లేచేవాడే ఉండడు! యతి మాత్రం దివ్యంగా కుదిరింది.

గణగర్జన: అది శృంగార పద్యం.

విరుపుమావ: చివరికి కరుణరసం.

నిర్వాహకుడు: కుంపటి ఇక్కడ వద్దు. ఆ పద్యానికి బహుమతి ఇచ్చింది నేనే, నా పరువూ పోతుంది. ఈసారి విరుపుకు మావకి ఓటు, ద్రుతం దగ్గర సగం కోత. చిగురుకు పూర్తి మార్కులు. గురువుగారు పడతిని మారిస్తే చూస్తాను.

గణగర్జన: మార్చాను. 'మంచు కురియు రాత్రి మఱచిపోక మగడు'. ఇదీ మూడు లఘువులే.

విరుపుమావ: మగడు మరచిపోకపోవడమా! అసలు సమస్య ఇప్పుడొచ్చింది.