ఈ వారం సమస్య: "చెవుల నమ్ముకొనగ సిరులు గలిగె"

ఛందోవిహారి (నిర్వాహకుడు):
అందరికీ నమస్కారం. ఈసారి పూరణ పత్రికాఫీసు మాటలతోనే ఉండాలి, అంటే డెస్కు (వార్తలు దిద్దే విభాగం), బీటు (రిపోర్టరుకి అప్పగించిన రంగం), డమ్మీ (పేజీ నమూనా), బైలైను (వార్త మీద రాసినవారి పేరు), ఎంబార్గో (ఫలానా వేళ దాకా వేయొద్దన్న షరతు) ఏదైనా సరే, కానీ ఊరికే తెచ్చి అతికిస్తే కాదు, ఆ మాట పని చేయాలి. ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం, అంటే అయిదూ సూర్యగణాలే (న, హ గణాలు), యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, చె-సి. పాదాన్ని ఎక్కడ విరుస్తారో మీ ఇష్టం.

అర్ధరాత్రి డెస్కు:
గురువుగారూ నా పూరణ.

పేరు పక్కనున్న పెట్టె రెండింటికిన్
చెవులనంగ పేరు చెల్లుచుండ
ప్రకటనలకు నిచ్చి పత్రికాధిపుడిట్లు
చెవుల నమ్ముకొనగ సిరులు గలిగె

తెలియనివాళ్ళ కోసం, మొదటి పేజీ పైన పత్రిక పేరుకి అటూ ఇటూ ఉండే చిన్న డబ్బాల్నే ఇయర్ ప్యానెల్స్ అంటారు, మా దగ్గర ఉత్త చెవులే. చూడ్డానికి అగ్గిపెట్టంత ఉంటాయి గానీ పేజీ తిప్పకుండానే కంటపడతాయి కాబట్టి ఆ జాగాకి గిరాకీ ఎక్కువ.

నల్లసిరా:
గణాలు, యతులు అన్నీ సరిగ్గా పడ్డాయండీ, ఎక్కడా కుంటలేదు. కానీ నాకో అసంతృప్తి. రెండో పాదంలోనే "చెవులనంగ పేరు" అని గుట్టు విప్పేశారు, ఇక నాలుగో పాదం దాకా చదవడానికి ఏం మిగిలింది? మీ డెస్కు అలవాటు పద్యంలోకి కూడా వచ్చేసింది.

ఛందోవిహారి:
నల్లసిరా గారు చెప్పింది చాలా ముఖ్యమైన విషయం, కొంచెం ఆగి మాట్లాడుకుందాం. వార్తని తలకిందుల పిరమిడ్ లా రాస్తారు కదా, అసలు సంగతంతా ఇంట్రోలో (మొదటి పేరాలో), తర్వాత వివరాలు, ఆఖర్న పాత నేపథ్యం, ఎందుకంటే అర్ధరాత్రి జాగా చాలకపోతే సబ్ ఎడిటర్ చదవకుండా కింద నుంచి రెండు పేరాలు కోసేసినా వార్త బతకాలి. సమస్యాపూరణ సరిగ్గా దానికి ఎదురు. ఇక్కడ కింద నుంచి కోస్తే పోయేది సమస్యే! మూడు పాదాలూ ఆ ఒక్క పాదం కోసం బతకాలి, చదివేవాడికి ఆఖరి క్షణం దాకా అనుమానం ఉండాలి. అర్ధరాత్రి డెస్కు గారూ, ఇంట్రో కిందకి దించి ఇంకోసారి ప్రయత్నించండి.

అర్ధరాత్రి డెస్కు:
చిత్తం, ఇదిగో రెండో ఎడిషన్.

ప్రకటనలకు నిచ్చి పత్రికాధిపుడిట్లు
మొదటి పేజి మీద మూలలందు
పేరు కిరుదెసలను పెట్టెలై యొప్పెడు
చెవుల నమ్ముకొనగ సిరులు గలిగె

నల్లసిరా:
ఆహా. "పెట్టెలై యొప్పెడు చెవుల" అనేసరికి విశేషణం నేరుగా సమస్య మీదకి దూకింది. ఇది పద్యం.

ప్రూఫురీడరు:
నేను అమ్మకం జోలికి పోలేదు, నమ్మకం తీసుకున్నా. స్కూపంటే అందరికంటే ముందు పట్టిన వార్త.

విన్న మాట లెల్ల వెంటనే వ్రాయక
మూడు చోట్ల నడిగి ముడులు విప్పి
స్కూపు గొట్టినట్టి కుర్రవాడొక్కడు
చెవుల నమ్ముకొనగ సిరులు గలిగె

కొత్తకలం:
సార్ బాగుంది, స్కూపులో "స్కూ"కి "కు" యతి భలే కుదిరింది. కానీ చిన్న డౌట్, మూడు చోట్ల అడిగి క్రాస్ చెక్ చేసుకున్నాడంటే వాడు చెవుల్ని నమ్మనట్టే కదా?

ఛందోవిహారి:
కొత్తకలం పట్టేశారు! ఛందస్సు దోషం కాదు, తర్కదోషం. మొదటి రెండు పాదాలూ ఒకటి చెప్తే నాలుగోది ఇంకోటి చెప్తోంది. విరుపు మాత్రం మెచ్చుకోవాలి, "చెవులను నమ్ముకొనగ" అన్నా అదే పాదం నిలబడుతుందని చూపించారు.

అర్ధరాత్రి డెస్కు:
రిపోర్టరుకి సిరులు అన్నచోట కూడా తర్కదోషం ఉందండీ, బైలైను వస్తే గొప్ప.

కొత్తకలం:
నాది మొదటి పూరణ, తప్పులుంటే క్షమించి చెప్పండి.

డెడ్డులైను దాటె పేజీ పోలేదు
చివరి నిమిషమందు చేరె యాడు
వాన కబురు తీసి వారికే యిచ్చిరి
చెవుల నమ్ముకొనగ సిరులు గలిగె

నల్లసిరా:
మొదటి పాదం చూడండి. "డెడ్డు, లైను, దాటె" దాకా మూడు సూర్యగణాలు, బాగుంది. తర్వాత "పేజీపో" మూడూ గురువులే, అది మగణం, ఇక్కడ రావాల్సిన ఇంద్రగణాల్లో లేదు. పైగా యతి డె కి పే కుదరదు. మిగతా మూడు పాదాలూ శుభ్రంగా ఉన్నాయి, ముఖ్యంగా వాన కబురు పీకేయడం చాలా నచ్చింది నాకు. "డెడ్డులైను దాటె డెస్కులో సందడి" అంటే రెండు దోషాలూ పోతాయి.

అర్ధరాత్రి డెస్కు:
ఇది నిజంగా జరిగేదే. యాడ్స్ వాళ్ళు ముందే డమ్మీ పంపిస్తారు, అందులో ప్రకటనల జాగా గీతలు గీసి ఉంటుంది, మిగిలిన ఖాళీయే మనది. పేజీ ముద్రణ ప్లేటుకి పోయే వేళకి రిలీజ్ ఆర్డర్ (ప్రకటన వేయమనే కాగితం) పట్టుకుని ఎవరో పరుగెత్తుకొస్తారు, అంతే, చెవిలో ఉన్న వాతావరణం ఎగిరిపోతుంది. అందరూ అమ్ముకోరు లెండి, న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు 1897 నుంచి ఎడమ చెవిలో తమ నినాదమే వేసుకుంటున్నారు, కుడి చెవిలో వాతావరణం.

కొత్తకలం:
థాంక్యూ అండీ, మార్చుకున్నా. మగణం సంగతి గుర్తుపెట్టుకుంటా.

నల్లసిరా:
నా వంతు. నేను సమస్యనే ప్రశ్న చేశా.

ఓట్లు తేలకుండ నూహతో హెడ్డింగు
వేసినట్టి వారు వెక్కిరింత
పాలు గాగ నింక పలుకుమా యెవరికి
చెవుల నమ్ముకొనగ సిరులు గలిగె?

1948 నవంబరు 3 నాటి షికాగో ట్రిబ్యూన్ పత్రిక అన్నమాట. ప్రింటర్ల సమ్మె వల్ల ఆ రోజుల్లో పేజీలు మామూలు కంటే చాలా ముందే పంపించాల్సి వచ్చేది, అమెరికా అధ్యక్ష ఎన్నికల లెక్కింపు తేలకముందే ట్రూమన్‌ని డ్యూయీ ఓడించాడని బ్యానర్ (పేజీ పైన అడ్డంగా పెద్ద హెడ్డింగు) కొట్టేశారు, తెల్లారేసరికి గెలిచింది ట్రూమన్. ఆయన ఆ పేపర్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని నవ్వుతున్న ఫొటో మీరంతా చూసే ఉంటారు.

ప్రూఫురీడరు:
"ఓ" కి "నూహ"లో ఊ, స్వరయతి చక్కగా ఉంది. కానీ చివర ప్రశ్నార్థకం పెట్టి తప్పించుకోవడం పాత ఎత్తు కదండీ, ఏ సమస్యకైనా "ఎవరికి, ఎక్కడ" అని తగిలిస్తే తీరిపోతుంది.

నల్లసిరా:
పాతదే, కాదనను. అవధానుల కాలం నుంచీ ఉన్నదే వాడుకున్నా.

ఛందోవిహారి:
ఎత్తు పాతదైనా సరుకు కొత్తది, పైగా "వెక్కిరింత" దగ్గర పాదం ఆగి "పాలు గాగ" అని కింద పాదంలో పడటం బాగుంది, హెడ్డింగు రెండో లైనుకి విరిగినట్టుంది. అయినా నా ఓటు అర్ధరాత్రి డెస్కు రెండో ఎడిషన్‌కే, ఎందుకంటే అక్కడ సమస్యని ఎవరూ ప్రశ్నించలేదు, వంచలేదు, ఉన్నదున్నట్టు నిజం చేసి చూపించారు. కొత్తకలం దిద్దుకున్న పద్యం రెండోది.

వచ్చే వారానికి: "రక్తమోడు పేజి రమ్యమయ్యె". అదే ఆటవెలది, నాలుగో పాదం. క్రైం పేజీ అని అందరూ ఒకే దారిన పోవద్దు. పేజీలు పెట్టేవాళ్ళకి ఒక్క ముక్క, ట్రిమ్ గీత (కాగితం కోసే గీత) దాటి మూడు మిల్లీమీటర్లు. ఇంకేమీ చెప్పను, ఇన్‌బాక్సులో కూడా అడగొద్దు.