ఆటిజం ఉన్న బాబుకు క్లాసులో అడగడం ఎలా నేర్పాలి?

దేవరకొండ టీచర్:
రెండో తరగతిలో ఒక బాబు ఉన్నాడు, ఆటిజం అని డాక్టర్లు రాసిచ్చారు. మాటలు రావని కాదు, "నీళ్లు కావాలా?" అంటే తనూ "నీళ్లు కావాలా" అంటాడు, అంతే. దాహమైతే నా చెయ్యి పట్టుకుని కుండ దగ్గరికి లాక్కెళ్తాడు. రెండు తరగతులు ఒకే గదిలో, నేనొక్కదాన్నే, విడిగా కూర్చోబెట్టి నేర్పే టైం లేదు. పాఠం నడుస్తుండగానే చేయగలిగేది ఉంటే చెప్పండి. స్పెషల్ స్కూల్‌కు పంపమని మాత్రం అనకండి, ఆ మాట వాళ్లమ్మ ఇప్పటికే చాలామంది నోట విన్నది.

ఐఈఆర్‌పీ, నల్గొండ జిల్లా:
మేడం, నేను ఐఈఆర్‌పీని, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే రిసోర్స్ టీచర్‌ని. అది ఎకోలేలియా, అంటే విన్న మాటనే తిరిగి అనడం. వెక్కిరింపు కాదు, చాలాసార్లు అదే వాడి జవాబు. కాబట్టి ప్రశ్న వేయకండి. చెయ్యి లాగినప్పుడు వాడు అనాల్సిన మాటే మీరు అనండి, "నీళ్లు కావాలి" అని, ఆ తర్వాత ఐదు పది సెకన్లు ఆగండి (మన టీచర్లకు ఆ ఆగడమే కష్టం). అన్నా అనకపోయినా నీళ్లు ఇచ్చేయండి, దాహంతో బేరాలొద్దు. భవిత సెంటర్‌లో (ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) ఉండే ఐఈఆర్‌పీని ఒకసారి క్లాసుకే వచ్చి చూడమనండి. పంపించేయమని ఎవరన్నా అంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం చూపించండి, అందులో ఆటిజం కూడా ఉంది.

పాలమూరు అమ్మ:
అక్కా, మా పాపకు బొమ్మ కార్డులు పనిచేశాయి. 1985లో అమెరికాలో బాండీ, ఫ్రాస్ట్ అనే ఇద్దరు మొదలుపెట్టిన పద్ధతి, పెక్స్ అంటారు. మీ బడి గ్లాసునే ఫోటో తీసి అట్టకు అంటించండి. వాడు కార్డు మీ చేతిలో పెట్టగానే వస్తువు ఇవ్వాలి. మొదట్లో ఇద్దరు కావాలి, ఒకరు ఎదురుగా, ఇంకొకరు వెనక నుంచి వాడి చెయ్యి నడిపించడానికి. వెనక ఉన్నవాళ్లు అసలు మాట్లాడొద్దు. కళ్లలోకి చూడమని కూడా ఒత్తిడి పెట్టకండి.

జడ్చర్ల సార్:
కార్డులు అలవాటైతే ఉన్న నాలుగు మాటలూ పోవా?

పాలమూరు అమ్మ:
మా అత్తమ్మా అదే అన్నది సార్. కార్డుల వల్ల మాటలు ఆగిపోతాయని పరిశోధనల్లో తేలలేదు, కొందరు పిల్లల్లో పెరిగాయి కూడా. మాట, కార్డు రెండూ కలిపే వాడండి.

దేవరకొండ టీచర్:
రేపు భోజనంలో గుడ్డు ఉంది, వాడికి ప్రాణం, దాంతోనే మొదలుపెడతా. వెనక పక్క బెంచీ పిల్లను నిలబెట్టనా?

ఐఈఆర్‌పీ, నల్గొండ జిల్లా:
పెద్దవాళ్లయితే మేలు, వంట చేసే అక్కను అడగండి. పిల్లలకు మాత్రం కార్డు ఇస్తే ఏం చేయాలో చెప్పి ఉంచండి, లేకపోతే మీరు సెలవు పెట్టిన రోజు వాడు మళ్లీ ఎవరిదో చెయ్యి లాగుతాడు.

పాలమూరు అమ్మ:
అట్ట మీద వెడల్పు టేపు అతికించండి అక్కా, నమిలేస్తారు.