పోటీ సాఫ్ట్‌వేర్‌ను కొని మరీ మూసేయడం ఎందుకు?

పర్లాకిమిడి ప్రెస్:
మా ప్రెస్‌లో ఎనిమిదేళ్లు ఒక చిన్న కంపెనీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడాం. ఒకే బిల్లులో పైన ఒడియా, కింద తెలుగు వచ్చేది. పెద్ద కంపెనీ ఒకటి కొనేసి, ఏడాది తిరక్కుండా మూసేసింది. వాళ్లదాంట్లో ఇంగ్లీషు ఒక్కటే. పోటీ లేకుండా చేసుకోవడానికే ఇదంతా.

రాయగడ కోడర్:
అన్నిసార్లూ అది కాదన్నా. ఒకే పనికి రెండు సాఫ్ట్‌వేర్లంటే రెండు టీములు, రెట్టింపు ఖర్చు. చాలామంది కొనేది మనుషుల కోసం, కస్టమర్ల కోసం. మైక్రోసాఫ్ట్ 2015లో చేయాల్సిన పనుల జాబితా రాసుకునే యాప్ వండర్‌లిస్ట్‌ని కొని, ఆ టీముతోనే అలాంటిదే టు డూ అనే యాప్ కట్టించింది, 2020 మేలో పాతది ఆపేసింది.

పర్లాకిమిడి ప్రెస్:
మరి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఫ్రీహ్యాండ్ సంగతి? 1994లో అడోబీ, దాన్ని అమ్మే ఆల్డస్ కంపెనీని కొన్నప్పుడు, అడోబీ సొంత ఇల్లస్ట్రేటర్‌కి పోటీ పోతుందని అమెరికాలో పోటీ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఫ్రీహ్యాండ్‌ని అడోబీ చేత వదిలించింది. తర్వాత అది మాక్రోమీడియా కంపెనీకి చేరింది, 2005లో అడోబీ ఆ కంపెనీని కొనేసరికి మళ్లీ వాళ్ల చేతికే వచ్చింది. 2007లో ఇక కొత్త వెర్షన్ రాదన్నారు.

గుణుపురం:
మాక్రోమీడియాని కొన్నది వెబ్‌లో యానిమేషన్లు చేసే దాని ఫ్లాష్ కోసం.

పర్లాకిమిడి ప్రెస్:
అయితే ఫ్రీహ్యాండ్‌ని ఇంకెవరికైనా అమ్మేయొచ్చుగా! బీరువాలో పెట్టి తాళం వేశారు. నేనడిగేది అదే.

రాయగడ కోడర్:
ఏ వ్యాపారి అలా ఇస్తాడన్నా? మీరు పక్క ప్రెస్ కొంటే దాని మిషన్ ఎదురు ప్రెస్‌వాడికి ఇస్తారా?

పర్లాకిమిడి ప్రెస్:
మిషన్ వేరు. ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నా బాకీల ఖాతా వేరు. ఊరు దాటి ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఎప్పుడూ కంపెనీల పక్షమే.

రాయగడ కోడర్:
ఆ మాట అనకండి. నేను పనిచేసిన చిన్న కంపెనీనీ ఇలాగే కొన్నారు. అప్పటికి మాకు నాలుగు నెలల జీతం లేదు. అమ్మకపోతే అందరం రోడ్డున పడేవాళ్లం. చివరి రోజు సర్వర్ ఆపింది నేనే, ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అమ్ముకోవద్దంటే రేపు చిన్న కంపెనీ ఎవరు పెడతారు?

జయపురం:
మన దగ్గర 2024 సెప్టెంబర్ 10 నుంచి 2000 కోట్లు దాటిన కంపెనీల కొనుగోళ్లు, ఇక్కడ చెప్పుకోదగ్గ వ్యాపారం ఉన్నవైతే, పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్‌కి చూపించాలి. మీ బిల్లింగ్ కంపెనీ అంతలో ఉండదు.

పర్లాకిమిడి ప్రెస్:
అమ్మొద్దని నేనెప్పుడన్నాను తమ్ముడూ? ముప్పై రోజుల గడువంటూ ఇంగ్లీషులో ఒక్క మెయిల్ పెట్టారు. పెళ్లిళ్ల సీజన్, కార్డుల పనిలో తల ఎత్తలేదు. ఆఖరి రోజు ఫైలు దింపుకుంటే ఒడియా పేర్లూ తెలుగు పేర్లూ అన్నీ ప్రశ్నార్థకాలే. 1,450 బాకీ అని ఉంది, ఎవరిదో లేదు. నా గొడవంతా దీని గురించి.

రాయగడ కోడర్:
ఇది ముందే చెప్పాల్సిందన్నా. ఫైలు దింపి ఇచ్చే ఎక్స్‌పోర్ట్‌లో, అన్ని భాషల అక్షరాలూ పట్టే యూనికోడ్ పెట్టలేదు వాళ్లు. ఒక మనిషికి ఒక పూట పని. మేం మూసినప్పుడు ఎవరూ చూడమనలేదు, నేనూ చూడలేదు. అది నా తప్పే.

పర్లాకిమిడి ప్రెస్:
ఫైలు ఇంకా ఉంది. పంపనా?

రాయగడ కోడర్:
పంపండి. కానీ ప్రశ్నార్థకాలుగానే సేవ్ అయి ఉంటే పేర్లు తిరిగి రావు. పాత బిల్లు పుస్తకాలుంటే తీసి పెట్టండి.