బోరు నీళ్ల డేటా, 8 జీబీ లాప్‌టాప్: పాండాస్, పోలార్స్, నంబా, జూలియాల్లో ఏది?

ప్రశ్న: నల్గొండ బోర్లు

అందరికీ నమస్తే. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు బోర్లవి 20,000 రీడింగులున్నాయి: అక్షాంశం, రేఖాంశం, లోతు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. ఇవి కాక నెలనెలా నీటిమట్టం, వానల లెక్కలు వేరే సీఎస్‌వీల్లో ఉన్నాయి. అవన్నీ కలిస్తే 3 జీబీ దాటుతాయి.

పని రెండు రకాలు. ఒకటి, ఆ పెద్ద ఫైళ్లను ఊరు, నెల వారీగా గ్రూప్ చేసి సగటు తీయడం. పైథాన్‌లో టేబుళ్ల లైబ్రరీ పాండాస్‌తో ఫైల్ చదివేటప్పుడే లాప్‌టాప్ బిగుసుకుపోతోంది. రెండోది వేరియోగ్రామ్, అంటే దూరం పెరిగే కొద్దీ ఫ్లోరైడ్ తేడా ఎలా మారుతుందో చూపే లెక్క. ప్రతి రెండు బోర్ల మధ్య దూరం, వాటి ఫ్లోరైడ్ తేడా తీసి, దూరాల వారీగా సగటు కట్టాలి. పాండాస్ టేబుల్ నుంచి ఒక్కో విలువ తీస్తూ ఫర్ లూప్ రాశాను. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి కూడా కావట్లేదు.

పోలార్స్ కూడా టేబుళ్ల లైబ్రరీయే, రస్ట్ భాషలో రాశారు, దానికి మారిపో అని ఒక ఫ్రెండ్ అంటాడు. జూలియా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో అని ఇంకొకరు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు కదా, ఏ ఊళ్లలో దాటే అవకాశం ఎక్కువో ఈ మ్యాపుతోనే తేలాలి. కాళ్లు వంకరపోయిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగిన ప్రాంతం నాది. ఈ లెక్క సరిగ్గా రావాలి.

జవాబు: పాలమూరు లెక్కలు

తమ్ముడూ, ఏ భాషలో రాశారన్నది కాసేపు పక్కన పెట్టు. నీ లూపు ఎక్కడ తిరుగుతోందో చూడు.

ఇలాంటి పైథాన్ లైబ్రరీలన్నిటి లోపలా కంపైల్ అయిన, అంటే మెషీన్ భాషలోకి మార్చిన కోడే ఉంది. సంఖ్యల అర్రేలు (వరుసలు, పట్టికలు) నడిపే నంపై గుండెకాయ సీ. శాస్త్రీయ లెక్కల లైబ్రరీ సైపైలో సీ, సీ ప్లస్ ప్లస్‌లతో పాటు దశాబ్దాల నాటి ఫోర్ట్రాన్ పద్ధతులూ ఉన్నాయి. పాండాస్‌లో వేగం అవసరమైన చోట్ల సీ, ఇంకా సీలోకి మారే పైథాన్ లాంటి సైథాన్. నువ్వు టేబుల్ నుంచి ఒక్క విలువ అడిగిన ప్రతిసారీ ఆ వేగమైన కోడ్‌లోంచి పైథాన్‌లోకి వచ్చి మళ్లీ వెనక్కి పోతున్నావు. 20,000 బోర్లంటే దాదాపు 20 కోట్ల జతలు. అన్ని కోట్ల సార్లు గడప దాటుతుంటే తెల్లారక ఏమవుతుంది? పోలార్స్‌లో కూడా ఇలాగే ఒక్కో వరుస తీసి లూప్ తిప్పితే అంతే నిదానం.

నంపైతో ఒక్కసారే చేద్దామంటే దూరాల పట్టిక 20,000 × 20,000, అంటే 40 కోట్ల సంఖ్యలు. ఒక్కోటి 8 బైట్ల చొప్పున 3.2 జీబీ. ఫ్లోరైడ్ తేడాలకి మరో 3.2. మధ్యలో అది చేసుకునే కాపీలు అదనం. నీ ర్యామ్ చాలదు.

నంబా పనికొచ్చేది ఇక్కడే. నీ ఫంక్షన్‌ను మొదటిసారి పిలిచినప్పుడు ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ ద్వారా మెషీన్ కోడ్‌గా మారుస్తుంది. లూప్ లూప్‌లాగే ఉంటుంది, పెద్ద పట్టిక కట్టే పనే లేదు. దూరాల తరగతులకు రెండు చిన్న అర్రేలు చాలు: ఎన్ని జతలు, తేడాల వర్గాల మొత్తం ఎంత. కొన్ని సెకన్ల పని. డేటాఫ్రేమ్ (పాండాస్ టేబుల్) మాత్రం దానికి ఇవ్వకు, అర్థం కాదు. నంపై అర్రేలుగా మార్చి ఇవ్వు. దగ్గర జతలే కావాలంటే సైపైలో దగ్గరి బిందువులను వెతికే సీకేడీట్రీ ఉంది, అది సీ ప్లస్ ప్లస్‌లో రాసినది.

దూరాలు డిగ్రీల్లో లెక్కపెట్టకు. మన దగ్గర తూర్పు పడమరల డిగ్రీ, ఉత్తర దక్షిణాల డిగ్రీ ఒకే పొడవు కావు. పైప్రోజ్ అనే లైబ్రరీతో మీటర్లలోకి మార్చుకో. భూమిని నిలువు జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో మీ నల్గొండ 44వ జోన్. మా మహబూబ్‌నగర్ దగ్గరే 78 డిగ్రీల రేఖ దగ్గర జోన్ మారుతుంది, నాకు ఆ తలనొప్పి ఎప్పుడూ ఉండేదే.

మొదటి పనికైతే మీ ఫ్రెండ్ మాట కరెక్టే, పోలార్స్ పెట్టు. రీడ్ సీఎస్‌వీ కాదు, స్కాన్ సీఎస్‌వీ వాడు. కలెక్ట్ అనేదాకా ఏమీ చదవదు. అప్పుడు కూడా నీకు కావాల్సిన కాలమ్‌లే తీసుకుని, అన్ని కోర్‌లనూ వాడుకుంటుంది. మీ ల్యాబ్ కంప్యూటర్లు మరీ పాతవై, ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 అనే సదుపాయం లేకపోతే మామూలు పోలార్స్ నడవదు, పాత ప్రాసెసర్ల కోసం చేసిన బిల్డ్ వేరే ఉంది.

జవాబు: సూర్యాపేట జూలియా

అన్న చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, కానీ జూలియాను అంత తేలిగ్గా దాటేయకండి. 2012 నుంచి జనంలో ఉన్న భాష. ఫంక్షన్ లోపల రాసిన మామూలు ఫర్ లూపే వేగంగా నడుస్తుంది, ఏ విలువ ఎక్కడికి దాటుతోందనే టెన్షన్ లేదు. మొదటిసారి నడిపినప్పుడు కంపైల్ కోసం ఆగాలి, 1.9 వెర్షన్ నుంచి అది బాగా తగ్గింది. భూగర్భ ప్రవాహానికి సొంత సమీకరణాలు రాసుకునే ఉద్దేశం ఉంటే నేర్చుకోండి. ఈ ఒక్క వేరియోగ్రామ్ కోసమైతే నేనూ నంబాయే అంటాను, మీ తర్వాత వచ్చే జూనియర్లు కూడా ఆ కోడ్ చదవాలి కదా.

నల్గొండ బోర్లు

థాంక్స్ అన్నా. పోలార్స్‌తో సగటులు వచ్చేశాయి. వేరియోగ్రామ్ కూడా టీ తాగి వచ్చేలోపు అయిపోయింది. ఇంకా వేగం కోసం నంబాలో ప్యారలల్ ఆన్ చేసి, బయటి లూప్‌ను అన్ని కోర్‌లకూ పంచేలా దానికి పీరేంజ్ పెట్టి చూశాను. నడిపిన ప్రతిసారీ జతల సంఖ్య వేరేగా వస్తోంది. డేటా అదే. ఎందుకిలా?

పాలమూరు లెక్కలు

రెండు థ్రెడ్లు (పక్కపక్కనే నడిచే పనులు) ఒకే దూరాల తరగతిలో ఒకేసారి కూడితే ఒకదాని కూడిక పోతుంది. మామూలు మొత్తం ఒక్కటే అయితే నంబా తానే చూసుకుంటుంది. ఇండెక్స్‌తో అర్రేలో ఒక గడిని పెంచితే చూసుకోదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. అందుకే ఇది ప్రమాదం. ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో వరుస ఉండేలా అర్రే చేసుకుని, చివర్లో అన్ని వరుసలూ కలుపు. ఆ తర్వాత 500 బోర్లు మాత్రమే తీసుకుని పట్టిక పద్ధతిలో మామూలు నంపైతో కూడా చెయ్యి. జతలు సరిగ్గా 1,24,750 రావాలి. రెండూ కలిశాకే మొత్తం డేటా మీద నడుపు.