పని తెలిసిన ఉద్యోగి మాట విననప్పుడు: సైన్యంతో పోల్చుకోవచ్చా?

ప్రశ్న:
మా బృందంలో అందరికంటే పని బాగా తెలిసిన ఉద్యోగి ఒకాయన ఉన్నారు. నిర్ణయం జరిగిపోయాక కూడా ఆయన దాన్ని పక్కన పెట్టి తనకు తోచినట్టు చేస్తారు. సమావేశంలో పదిమంది ముందు నన్ను చులకన చేస్తారు. సైన్యంలోనైతే ఇటువంటి మనిషిని ఒక్కరోజు కూడా సహించరని, పని ఆగిపోతుందన్న భయంతో నేనే ఆయనను నెత్తిన పెట్టుకున్నానని నా మిత్రుడు అంటున్నారు. ఈ పోలిక సరైనదేనా?

మొదటి జవాబు:
సరైనది కాదండి. ఉద్యోగి రాజీనామా ఇచ్చి వెళ్లిపోగలరు. యజమాని ఎంత కోపగించినా చివరకు చేయగలిగింది తొలగించడమే. సైనికుడికి ఆ దారి లేదు. చట్టబద్ధమైన ఆజ్ఞను బుద్ధిపూర్వకంగా ధిక్కరించడం అక్కడ నేరం, దానికి జైలు శిక్ష కూడా పడవచ్చు.

రెండవ జవాబు:
శిక్షలు వేరన్న మాట నిజమే గాని, సైన్యం ఒక్కరోజులో తేల్చేస్తుందన్నది అపోహ. 1801లో కోపెన్‌హాగెన్ యుద్ధంలో, పోరు ఆపి వెనుదిరగమని పై అధికారి హైడ్ పార్కర్ ఇచ్చిన సంకేతాన్ని బ్రిటిష్ నౌకాదళ అధికారి నెల్సన్ లెక్కచేయలేదు. గెలిచారు కనుక శిక్ష పడకపోగా, కొద్ది వారాల్లో పార్కర్ స్థానమే ఆయనకు దక్కింది. సమర్థుణ్ణి చూసీచూడనట్టు వదిలేయడం కార్యాలయాలకే ఉన్న బలహీనత కాదు.

ఇంతకంటే ఆలోచించదగినది అమెరికా సైన్యాధికారి బిల్లీ మిచెల్ ఉదంతం. రాబోయే యుద్ధాల్లో విమానానిదే పైచేయి అని వాదించిన ఆయన, 1925లో నౌకాదళ ఎయిర్‌షిప్ (వాయువు నింపిన భారీ గాలి ఓడ) ఒకటి కూలి ప్రాణనష్టం జరిగినప్పుడు, సైనిక, నౌకా శాఖల పెద్దలది నేరపూరితమైన నిర్లక్ష్యమని పత్రికల ముందు ఆరోపించారు. కోర్టు మార్షల్, అంటే సైనిక న్యాయస్థానం, ఆయనను దోషిగా తేల్చి ఐదేళ్లు సస్పెండ్ చేసింది. మరుసటి ఏడాది ఆయన రాజీనామా చేశారు. విమాన బలం గురించి ఆయన చెప్పినదాంట్లో చాలా భాగం రెండో ప్రపంచ యుద్ధంలో రుజువైంది. అయినా ఆ తీర్పు తప్పని నేను అనుకోను, ఎందుకంటే విచారణ జరిగింది ఆయన అభిప్రాయం మీద కాదు, దాన్ని వెల్లడించిన తీరు మీద. ఆ విచారణ చేసిన సైన్యాధికారుల్లో డగ్లస్ మెకార్థర్ ఒకరు. కొరియా యుద్ధంలో ఇంచోన్ దగ్గర ఘన విజయం సాధించి ఏడు నెలలు తిరగకముందే, 1951 ఏప్రిల్‌లో, ఆ యుద్ధంపై ప్రభుత్వ విధానానికి విరుద్ధంగా బహిరంగంగా మాట్లాడిన ఆ మెకార్థర్‌నే అధ్యక్షుడు ట్రూమన్ పదవి నుంచి తప్పించారు.

మూడవ జవాబు:
ఈ వాదన అధికారుల చెవికి ఇంపుగా ఉంటుంది, అదే నా భయం. 1986 జనవరిలో అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ ప్రయోగానికి ముందు రాత్రి, చలికి రాకెట్ కీళ్లలోని రబ్బరు వలయాలు సరిగా పనిచేయవని ఇంజనీర్లు గట్టిగా అడ్డుచెప్పారు. పైవారు వినలేదు, ఏడుగురు మరణించారు. ధిక్కారమంటూ నోళ్లు మూయిస్తే రేపు ఆ మాట చెప్పేవారు ఎవరుంటారు?

రెండవ జవాబు ఇచ్చినవారు:
మీ భయం న్యాయమైనది. అయితే ఆ ఇంజనీర్లు నిర్ణయానికి ముందు, అడగవలసిన చోట అడ్డుచెప్పారు. దాన్ని ధిక్కారమన్నవారిదే తప్పు. చట్టవిరుద్ధమైన ఆజ్ఞ వేరు సంగతి, దాన్ని నిరాకరించడం సైనికుడికి కూడా కర్తవ్యమే.

ప్రశ్న అడిగినవారు చెప్పిన మనిషి ఈ రెండు కోవల్లోనూ లేరు. ఆయనను ఏకాంతంగా పిలిచి, ఏ తేదీన ఏ నిర్ణయాన్ని పక్కన పెట్టారో, దానివల్ల ఎవరి పని పాడైందో కాగితం మీద చూపించండి. ముందుగా అడ్డుచెప్పడానికి సమావేశంలో ఆయనకు సమయం ఇవ్వండి, ఆ మాట సరైనదైతే నిర్ణయం మార్చుకోండి. ఆ తర్వాత కూడా పాటించకపోతే లిఖితపూర్వకంగా హెచ్చరించండి. వీటన్నిటికంటే ముందు, ఈ వారమే, ఆయన పనిని మరొకరికి నేర్పించడం మొదలుపెట్టండి. పని ఆగిపోతుందన్న భయం ఉన్నంతకాలం ఆ హెచ్చరికను మీరు అమలు చేయలేరు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.