‘అసౌష్ఠవ పదార్థాలు’ అంటే తీరుతెన్నూ లేనివా?

ప్రశ్న: ‘అసౌష్ఠవ పదార్థాలపై వెలుగు పడితే కరెంటు పుడుతుంది, ఇదే కాంతి విద్యుత్ ఫలితం’ అని ఒక వ్యాసంలో చదివాను. అంగసౌష్ఠవం అంటే ఒడ్డూ పొడుగూ తీరుగా ఉండటం కదా. మరి ఇవి తీరు తప్పినవా? ఆ ఫలితం ఇంటర్‌లో చదివిన ఐన్‌స్టీన్ సంగతేనా?

జవాబు: ఐన్‌స్టీన్‌ది కాదండీ. ఆయనకు 1921 నోబెల్ తెచ్చిన ఫలితంలో ఎలక్ట్రాన్ లోహం విడిచి బయటికి వచ్చేస్తుంది. ఇక్కడ పదార్థం లోపలే కదులుతుంది. ఆ పేరు దీనికి పెట్టడం పొరపాటే.

ఇక తీరుకేమీ లోటు లేదు. బేరియం టైటనేట్ అనే స్ఫటికం చూడండి. ప్రతి యూనిట్ సెల్‌లో (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గడిలో) టైటానియం చుట్టూ ఆరు ఆక్సిజన్లు. సుమారు 120 డిగ్రీల సెల్సియస్ పైన టైటానియం నట్టనడుమ ఉంటుంది. చల్లారితే రవ్వంత ఒక పక్కకు జరుగుతుంది. ఆ దిశ చుట్టూ స్ఫటికాన్ని పావు వంతు తిప్పినా రూపు మారదు, అంటే సౌష్ఠవం ఉన్నట్టే. పోయినవాటిలో మనకు ముఖ్యమైంది కేంద్ర సౌష్ఠవం: నడుమ నుంచి ఒక అయాన్‌కు గీత గీసి, అంతే దూరం వెనక్కి పొడిగిస్తే అలాంటి అయానే తగలాలి. ఇక్కడ తగలదు.

ప్రశ్న: సరే మాస్టారూ, దానికీ కరెంటుకీ ఏం సంబంధం?

జవాబు: వెలుగును పీల్చుకున్నప్పుడు ఎలక్ట్రాన్ ఉండే చోటు కొద్దిగా జరుగుతుంది. కేంద్ర సౌష్ఠవం ఉంటే అటు ఎంతో ఇటూ అంతే, చెల్లుకు చెల్లు. లేకపోతే ఒక వైపు మొగ్గు మిగులుతుంది. దాన్ని షిఫ్ట్ కరెంట్ అంటారు. సిలికాన్‌కు ఆ మొగ్గు లేదు కాబట్టే సోలార్ సెల్‌లో రెండు రకాల సిలికాన్ కలిసే పి-ఎన్ సంధి పెడతారు (మన సవర్ణదీర్ఘం కాదు లెండి). ఇనుము కలిపిన లిథియం నియోబేట్‌లో సంధి లేకుండానే కరెంటు వస్తుందని 1974లో చూపించారు. వోల్టేజి, బ్యాండ్ గ్యాప్ (పదార్థంలో ఎలక్ట్రాన్ కదిలేలా విడిపించడానికి కావలసిన కనీస శక్తి) పెట్టే హద్దును ఎంతో దాటిపోతుంది. కరెంటు మాత్రం పిసరంత, అందుకే డాబాల మీదికి రాలేదు.

ఇంకొకరు: అయితే ‘మొగ్గు పదార్థాలు’ అనేస్తే పోలా?

జవాబు: వినసొంపుగానే ఉంది గానీ కుదరదండీ. సౌష్ఠవాన్ని బట్టి విడదీసిన 32 స్ఫటిక వర్గాల్లో 21 కేంద్ర సౌష్ఠవం లేనివి. వాటిలో సహజంగా ఒక దిశకు మొగ్గినవి 10 మాత్రమే. గాలియం ఆర్సెనైడ్‌కు కేంద్ర సౌష్ఠవం లేదు, అయినా అది ఆ పదిలో లేదు. ‘కేంద్ర సౌష్ఠవం లేని స్ఫటికాలు’ అని పూర్తిగా రాయడమే మేలు.

ఇంకొకరు: హెడ్డింగ్‌లో అంత పట్టదు సార్!

జవాబు: హెడ్డింగ్‌లో లిథియం నియోబేట్ అని పేరే పెట్టేయమనండి.