308 రైఫిల్ తూటాలో బుల్లెట్ బరువు పెరిగితే మందు పెంచాలా, తగ్గించాలా?

టెక్సాస్_శీను: 308 విన్‌చెస్టర్ రైఫిల్ తూటాలు ఇన్నాళ్లూ 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) బుల్లెట్‌తో, అంటే తూటా ముందుండి ఎగిరిపోయే మొనతో, నేనే లోడ్ చేసుకున్నాను. ఇప్పుడు 168కి మారుతున్నా. పౌడర్ అదే. చార్జ్ (నింపే మందు తూకం) పెంచాలా?

పాత_వేటగాడు: పెంచాలి బాబూ. బండిలో బస్తాలు పెరిగితే ఎద్దులూ పెరగాలి కదా. ఇరవై ఏళ్లుగా లోడ్ చేస్తున్నాను.

దివిసీమ: పెంచకు తమ్ముడూ, తగ్గించాలి. ఇది ఎద్దుల బండి కాదు, మూత బిగించిన కుక్కర్. బరువైన బుల్లెట్ నిదానంగా కదులుతుంది, ఆలోగా మందు కాలిన గ్యాస్ అంతా ఇరుకులోనే పోగై ప్రెషర్ పెరిగిపోతుంది. 308కి ప్రెషర్ పరిమితి 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). పైగా 168 పొడుగు ఎక్కువ. మొత్తం తూటా 2.81 అంగుళాలు దాటకూడదు కాబట్టి బుల్లెట్ కేస్‌లోకి (మందు నింపే ఇత్తడి గొట్టంలోకి) ఇంకా దిగి, మందుకుండే జాగా తినేస్తుంది.

పాత_వేటగాడు: మందు తగ్గిస్తే వెలాసిటీ? ఫ్యాక్టరీ తూటాల్లో 150 సెకనుకి 2,820 అడుగులు పోతుంటే 168 పోయేది 2,650.

దివిసీమ: ఎనర్జీ రెండింటికీ 2,600 అడుగు-పౌండ్ల పైనే. దూరం పోయేకొద్దీ 168 వేగం నిలుపుకుంటుంది.

కాటన్_బ్యారేజ్: భుజానికి తన్ను మాత్రం 168దే ఎక్కువ.

పాత_వేటగాడు: నేను మాట్లాడింది వెలాసిటీ. ఎనర్జీ ఎవరడిగారు?

దివిసీమ: అయితే వినండి. మీలాగే అనుభవం ఉన్న ఒక పెద్దాయన ఫోన్‌లో తన చార్జ్ చెప్పారు. ఆయనది 150, నాది 180. అడగలేదు, చెప్పలేదు. ఒక్క షాట్‌కే బోల్ట్ (తూటా వెనక మూసే రైఫిల్ కడ్డీ) బిగుసుకుపోయింది, చెక్క సుత్తితో కొట్టి తెరిచాను. ప్రైమర్ (మందు అంటించే చిన్న టోపీ) నాణెంలా చదునైపోయింది. కేస్ అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ని బయటికి తోసే పిన్ను) అచ్చు మెరుస్తోంది. అన్నీ ప్రెషర్ మితిమీరిన గుర్తులే. నా వెనకే మా పదేళ్ల పిల్లాడు నిలబడి ఉన్నాడండీ.

పాత_వేటగాడు: దానికి నన్నంటావేం? నా రైఫిల్‌లో ఎప్పుడూ ఏమీ కాలేదు.

దివిసీమ: మీ రైఫిల్‌లో! నా గొడవంతా అదే. మీ బారెల్ వేరు, మీ కేసులు వేరు. పెంచడం తగ్గించడం తర్వాత, ఒకరి అంకె ఇంకొకరి చేతిలో పెట్టడమే తప్పంటున్నా.

పాత_వేటగాడు: మాకు నేర్పినవాళ్లు నోటితోనే నేర్పారు. అప్పుడు పుస్తకం కొనే డబ్బుల్లేవు.

టెక్సాస్_శీను: పౌడర్ కంపెనీ మాన్యువల్ తీశాను. ఇదే పౌడర్‌కి గరిష్ఠ చార్జ్ 150 కంటే 168కి తక్కువే ఉంది. వాళ్లిచ్చిన స్టార్టింగ్ చార్జ్‌తో మొదలుపెట్టి, క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే మీటర్) చూసుకుంటూ కొంచెం కొంచెంగా పెంచుతాను.

పాత_వేటగాడు: ఏ పేజీ? ఫొటో పెట్టు బాబూ.